పసిఫిక్ దీవుల దేశాలు తమ యువత కోసం ఎలా కలిసి పనిచేస్తున్నాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ మాట్లాడుతున్నది ఏ దేశాల గురించి?

ఆస్ట్రేలియాకు తూర్పున, న్యూజిలాండ్‌కు ఉత్తరాన పసిఫిక్ మహాసముద్రంలో చెల్లాచెదురుగా ఉన్న దీవుల దేశాల గురించి. ఫిజీ, సమోవా, టోంగా, వనువాటు, సాలమన్ దీవులు, కిరిబాటి, తువాలు, నౌరు, మార్షల్ దీవులు, కుక్ దీవులు, నియుయే వగైరా. పాపువా న్యూగినీ కూడా ఈ కుటుంబంలోదే. కాకపోతే దాని జనాభా దాదాపు కోటి, కాబట్టి దాని లెక్క వేరు. ఫిజీలో 9 లక్షల మంది ఉంటే తువాలులో 11 వేల లోపు. నియుయేలో ఉండేది 1,700 మంది అటూ ఇటూ, అంటే మన వైపు ఒక చిన్న ఊరంత. అదే ఒక ప్రభుత్వం, దానికో అసెంబ్లీ, ఒక విద్యాశాఖ.

ఎవరి పిల్లల సంగతి వాళ్లు చూసుకోవచ్చు కదా, కలిసి చేయాల్సిన అవసరం ఏముంది?

లెక్క కుదరదు. పది వేల జనాభా ఉన్న దేశంలో ఇంటర్ పూర్తి చేసేవాళ్లు ఏడాదికి వందల్లోనే ఉంటారు. వాళ్లలో లా చదవాలనుకునేవాళ్లు నలుగురు, డాక్టర్ కావాలనుకునేవాళ్లు ముగ్గురు. ఆ ఏడుగురి కోసం లా కాలేజీ, మెడికల్ కాలేజీ ఎవరు కడతారు? ఆఖరి సంవత్సరం పరీక్ష పేపరు తయారుచేసే బోర్డు పెట్టుకోవడం కూడా భారమే. అందుకే 1980లో ఫిజీ రాజధాని సువాలో ఉమ్మడి పరీక్షల సంస్థ ఒకటి పెట్టుకున్నారు. ఇప్పుడది పసిఫిక్ కమ్యూనిటీలో భాగంగా నడుస్తోంది.

డాక్టర్ చదువు సంగతి ఇంకా పాతది. సువాలో 1885లో మొదలైన చిన్న వైద్య పాఠశాల 1928 నుంచి చుట్టుపక్కల దీవుల పిల్లలకూ తలుపులు తెరిచింది. అప్పటికి ఈ దేశాలేవీ పూర్తి స్వతంత్ర దేశాలు కావు. బ్రిటిష్, న్యూజిలాండ్ పాలకులు ఖర్చు తగ్గించుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. స్వాతంత్ర్యం వచ్చాక అదే అలవాటును ఈ దేశాలు తమదిగా చేసుకున్నాయి.

ఈ పనులు ఏ సంస్థలు చూస్తాయి?

పేర్లు చాలా ఉన్నాయి, తికమక పడటం సహజం. ముఖ్యమైనవి మూడు.

రాజకీయ నిర్ణయాలు జరిగేది పసిఫిక్ ఐలండ్స్ ఫోరంలో. 1971లో మొదలైంది, 18 మంది సభ్యులు, ఆఫీసు సువాలో ఉంది. దేశాధినేతలు ఏటా కలిసేది దీని వేదిక మీదే. సాంకేతిక పని చేసేది పసిఫిక్ కమ్యూనిటీ. 1947 నాటి సంస్థ, కేంద్రం న్యూ కలెడోనియాలోని నుమేయాలో. చేపలు, వ్యవసాయం, ఆరోగ్యం, గణాంకాలతో పాటు యువజన వ్యవహారాలు కూడా దీని కిందికే వస్తాయి. మూడోది పసిఫిక్ యూత్ కౌన్సిల్, అంటే ఆయా దేశాల జాతీయ యువజన మండళ్ల సమాఖ్య.

వీటితో పాటు కామన్వెల్త్ యూత్ ప్రోగ్రామ్ ఒకటి ఉండేది. దాని ఆసియా కేంద్రం చండీగఢ్‌లో, పసిఫిక్ కేంద్రం సాలమన్ దీవుల రాజధాని హోనియారాలో. యువజన కార్యకర్తలకు డిప్లొమా కోర్సు నడిపేవాళ్లు. ఆ ప్రాంతీయ కేంద్రాలను తర్వాత మూసేశారు.

యువత అంటే ఏ వయసు వాళ్లు?

ఐక్యరాజ్యసమితి లెక్కలో 15 నుంచి 24. పసిఫిక్‌లో చాలా దేశాలు 34, 35 ఏళ్ల దాకా యువత కిందే లెక్క కడతాయి. దానికి కారణం లేకపోలేదు. ఊళ్లో పెత్తనం పెద్దలది. సమోవానే తీసుకుంటే, మతాయి అనే బిరుదు లేని మగవాళ్లంతా ఔమాగా అనే గుంపు కింద ఉంటారు. తోట పని, వంట, పెద్దలకు సేవ వాళ్ల బాధ్యత. నలభై దగ్గర పడినా బిరుదు రాకపోతే గ్రామసభలో వాళ్ల మాట చెల్లదు. యూత్ కౌన్సిళ్లు పెట్టాక మొదట వచ్చిన ఇబ్బంది కూడా ఇదే: పెద్దల ముందు నోరు విప్పకూడదని పెంచిన పిల్లల్ని మీటింగుకు పిలిచి అభిప్రాయం చెప్పమంటే ఏం చెబుతారు?

జనాభా కూడా చాలా చిన్న వయసుది. సాలమన్ దీవులు, వనువాటులో దాదాపు సగం మంది 20 ఏళ్ల లోపువాళ్లే.

12 దేశాలు కలిసి ఒక యూనివర్సిటీ నడుపుతున్నాయంటారు, నిజమేనా?

నిజమే. యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్. అక్కడ అందరూ యూఎస్‌పీ అంటారు. మొత్తం ప్రాంతీయ సహకారంలో గట్టిగా నిలబడింది ఏదంటే నేను ముందు చెప్పేది దీని పేరే.

1968లో మొదలైంది. సువాలోని లౌకాలా క్యాంపస్ అంతకుముందు న్యూజిలాండ్ వైమానిక దళం సీప్లేన్ల స్థావరం. సముద్రం మీద దిగే విమానాల కోసం కట్టిన ఆ బారకాసుల్లోనే మొదటి తరగతులు జరిగాయి. కుక్ దీవులు, ఫిజీ, కిరిబాటి, నౌరు, నియుయే, సమోవా, సాలమన్ దీవులు, టోకెలావ్, టోంగా, తువాలు, వనువాటు కలిసి నడిపే ఈ యూనివర్సిటీలో 1991లో మార్షల్ దీవులు కూడా చేరాయి. వ్యవసాయ విద్య సమోవాలోని అలాఫువా క్యాంపస్‌లో, న్యాయశాస్త్రం వనువాటులోని ఎమాలస్ క్యాంపస్‌లో. మిగతా సభ్య దేశాల్లోనూ చిన్నో పెద్దో కేంద్రం ఉంది. ప్రతి ప్రభుత్వం తన వాటా కడుతుంది. ఎక్కువ మంది విద్యార్థులు ఫిజీ వాళ్లే కాబట్టి ఎక్కువ వాటా కూడా ఫిజీదే. ఛాన్సలర్ పదవి దేశాధినేతల మధ్య తిరుగుతూ ఉంటుంది.

దూరవిద్య అనే మాట మనకు పోస్టులో వచ్చే పుస్తకాల కట్టగా పరిచయమైన 1970ల్లోనే వీళ్లు ఉపగ్రహం ద్వారా పాఠాలు చెప్పారు. నాసా వాడి వదిలేసిన ఏటీఎస్-1 అనే పాత ఉపగ్రహాన్ని అడిగి తీసుకుని, దీవి దీవికీ ఒక చిన్న రేడియో స్టేషన్ పెట్టారు. బొమ్మ లేదు, గొంతు మాత్రమే. సువాలో లెక్చరర్ మాట్లాడి బటన్ వదిలితే కిరిబాటి రాజధాని తరవాలో కూర్చున్న విద్యార్థి బటన్ నొక్కి డౌటు అడిగేవాడు. ఒకరు మాట్లాడుతుంటే మిగతా అందరూ ఆగాలి. ఇప్పటి యూఎస్‌పీనెట్ ఆ పునాది మీద లేచిందే.

చదువుకు మించి ఇంకో లాభం ఉంది. ఇవాళ ఈ దేశాల్లో మంత్రులు, కార్యదర్శులు, టీచర్లు అయినవాళ్లలో చాలామంది లౌకాలా హాస్టళ్లలో కలిసి చదివినవాళ్లు. ఫైలు కదలకపోతే ఫోను చేసి అడిగేంత చనువు ఉంటుంది. ఏ ఒప్పందంలోనూ రాయని సహకారం ఇది.

మరి గొడవలు రావా?

వచ్చాయి, అది కూడా చిన్నది కాదు. వైస్ ఛాన్సలర్‌గా వచ్చిన పాల్ అహ్లువాలియా 2019లో పాత యాజమాన్యం హయాంలో అవకతవకలు జరిగాయని రిపోర్టు ఇచ్చారు. 2020 జూన్‌లో ఆయన్ను సస్పెండ్ చేస్తే విద్యార్థులు నిరసనకు దిగారు. కౌన్సిల్ ఆయన్ను మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది. 2021 ఫిబ్రవరిలో ఫిజీ ప్రభుత్వం ఆయన్ను, ఆయన భార్యను రాత్రికి రాత్రే ఇంటి నుంచి తీసుకెళ్లి విమానం ఎక్కించి దేశం దాటించింది. తన వాటా డబ్బు కూడా ఆపేసింది.

అప్పుడు మిగతా దేశాలు ఏం చేశాయన్నదే అసలు సంగతి. వైస్ ఛాన్సలర్‌ను మార్చలేదు. ఆయన ముందు నౌరు నుంచి, తర్వాత సమోవా నుంచి యూనివర్సిటీ నడిపారు. 12 వేల జనాభా ఉన్న నౌరు, ఫిజీ మాట కాదని నిలబడింది. 2022 డిసెంబరు ఎన్నికల తర్వాత సితివేని రబూకా ప్రభుత్వం వచ్చి ఆయన ఫిజీలోకి రాకూడదన్న నిషేధం ఎత్తేసింది, బకాయి కడతామంది. ఈలోపు జీతాలు ఎలా, ఫీజులు ఎలా అని సిబ్బంది, విద్యార్థులు పడిన టెన్షన్ మాత్రం చిన్నది కాదు. ఉమ్మడి ఆస్తిలో పెద్దవాటాదారు అలిగితే ఏమవుతుందో అందరికీ తెలిసొచ్చింది.

లా విద్యార్థులు అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లారని విన్నాం. అది వీళ్లేనా?

వీళ్లే. 2019లో వనువాటులోని ఎమాలస్ క్యాంపస్‌లో ఎనిమిది దేశాలకు చెందిన 27 మంది లా విద్యార్థులకు ఒక ఎసైన్‌మెంట్ ఇచ్చారు: వాతావరణ మార్పు విషయంలో చట్టం ద్వారా ఏం చేయొచ్చో ఆలోచించండి అని. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానాన్ని సలహా అభిప్రాయం అడగాలన్న ఆలోచన వాళ్లకు నచ్చింది. అడగాలంటే ఐరాస సర్వసభ్య సభ తీర్మానం కావాలి. తీర్మానానికి ప్రభుత్వాల మద్దతు కావాలి. వీళ్లు ఒక సంఘం పెట్టుకుని పసిఫిక్ దేశాల ప్రభుత్వాలన్నిటికీ ఉత్తరాలు రాశారు.

గట్టిగా పట్టుకున్నది వనువాటు. 2019లో తువాలులోని ఫునాఫుటిలో జరిగిన ఫోరం సమావేశానికి విషయం తీసుకెళ్తే, నాయకులు సానుకూలంగా ‘గమనించాం’ అని రాసుకుని ఊరుకున్నారు. ప్రభుత్వ భాషలో ఆ మాటకు అర్థం ఏమిటో మన ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పిల్లలు వదల్లేదు. 2022లో సువా సమావేశం నాటికి ఫోరం పూర్తి మద్దతు ప్రకటించింది. 2023 మార్చి 29న సర్వసభ్య సభ ఆ తీర్మానాన్ని ఓటింగ్ లేకుండానే ఆమోదించింది. 130కి పైగా దేశాలు దాన్ని కలిసి ప్రతిపాదించాయి. 2024 డిసెంబరులో వాదనలు జరిగితే 96 దేశాలు, 11 అంతర్జాతీయ సంస్థలు మాట్లాడాయి. ఆ విద్యార్థుల్లో ఒకరైన సాలమన్ దీవుల సింథియా హౌనియూహి కోర్టు ముందు నిలబడి మాట్లాడారు. 2025 జులై 23న న్యాయస్థానం ఏకగ్రీవంగా అభిప్రాయం చెప్పింది: వాతావరణాన్ని కాపాడే బాధ్యత దేశాల మీద చట్టబద్ధంగా ఉంది, దాన్ని ఉల్లంఘిస్తే నష్టపరిహారం దాకా వెళ్లే అవకాశం ఉంది అని.

ఎనిమిది దేశాల పిల్లలు ఒకే తరగతి గదిలో కూర్చోకపోతే ఇది జరిగేది కాదని నా నమ్మకం. యువత భాగస్వామ్యం అని వంద డాక్యుమెంట్లు రాశారు. వాటిలో ఒక్కటీ ఇంత దూరం రాలేదు.

ఆ అభిప్రాయం వల్ల ఒరిగేదేమిటి? అది తీర్పు కాదు కదా?

తీర్పు కాదు, ఎవరినీ కట్టిపడేయదు. కానీ రేపు ఏ దేశపు కోర్టులో వాతావరణ కేసు వేసినా లాయరు దీన్ని చూపిస్తాడు. డబ్బు రూపంలో మాత్రం దీవులకు ఇంకా ఏమీ రాలేదు.

యువజన విధానం అని ఏదైనా ఉమ్మడి డాక్యుమెంటు ఉందా?

ఉండేది. 2014 నుంచి 2023 వరకు పసిఫిక్ యూత్ డెవలప్‌మెంట్ ఫ్రేమ్‌వర్క్. దాని ముందు 2010 దాకా నడిచిన వ్యూహం ఇంకొకటి. ఫ్రేమ్‌వర్క్‌లో నాలుగు అంశాలు: ఉపాధి, ఆరోగ్యం, పాలనలో యువతకు చోటు, పర్యావరణం. చదవడానికి బాగుంటుంది. చిక్కంతా డబ్బు దగ్గరే. ఇది ఎక్కువగా దాతల నిధుల మీద నడిచేది. యూనివర్సిటీకి కట్టినట్టు దీనికి ఏ ప్రభుత్వమూ ఏటా వాటా కట్టదు. చాలా దేశాల్లో యువజన శాఖకు సొంత మంత్రి కూడా ఉండడు, క్రీడలతోనో విద్యతోనో కలిపి ఇస్తారు. బడ్జెట్ కోత పడితే ముందు తగిలేది ఆ శాఖకే.

చిన్నగా మొదలుపెట్టి పనికొచ్చినవి లేకపోలేదు. సాలమన్ దీవుల్లో 1998 నుంచి 2003 దాకా జాతుల మధ్య గొడవలు జరిగాయి. తుపాకులు పట్టుకున్న వాళ్లలో పని లేని కుర్రాళ్లే ఎక్కువ. గొడవ ఆపడానికి 2003లో పొరుగు దేశాలన్నీ కలిసి పోలీసుల్ని, సైనికుల్ని పంపాల్సి వచ్చింది. పసిఫిక్ కమ్యూనిటీ 2012లో హోనియారాలో యూత్ ఎట్ వర్క్ పేరుతో ఒక కార్యక్రమం పెట్టింది. బడి మధ్యలో మానేసిన పిల్లలకు కొద్ది వారాల శిక్షణ, ఆ తర్వాత ఆఫీసులోనో దుకాణంలోనో ఇంటర్న్‌షిప్. వేళకు రావడం, బాసుతో మాట్లాడటం, సీవీ రాసుకోవడం లాంటివి నేర్పేవాళ్లు. గొప్పగా కనిపించకపోవచ్చు గానీ, మొదటి ఉద్యోగం ఇప్పించేది ఇవే.

ఉద్యోగాలు ఎక్కడ దొరుకుతాయి?

సొంత దీవిలో కొద్దిగా, బయట ఎక్కువగా.

కిరిబాటి, తువాలు కుర్రాళ్లకు చాలాకాలం ఓడే ఉపాధి. కిరిబాటిలోని తరవాలో మెరైన్ ట్రైనింగ్ సెంటర్, తువాలులో ఫునాఫుటి పక్కన ఉన్న అమాతుకు అనే చిన్న దీవిలో ఇంకో శిక్షణ సంస్థ. అక్కడ నేర్చుకున్నవాళ్లను ఎక్కువగా జర్మన్ షిప్పింగ్ కంపెనీలు తీసుకునేవి. ఒక్కడు ఓడ ఎక్కితే ఇంటిల్లిపాదీ బతికేది. కోవిడ్ వచ్చి కిరిబాటి సరిహద్దులు మూసేసినప్పుడు ఆ నావికులు నెలల తరబడి ఇంటికి రాలేక పరాయి రేవుల్లో చిక్కుకుపోయారు.

ఇప్పుడు పెద్ద దారి సీజనల్ పని. న్యూజిలాండ్ 2007లో ఆర్‌ఎస్‌ఈ పథకం పెట్టింది. ఆపిల్, కివీ తోటల్లో, ద్రాక్ష తోటల్లో కొన్ని నెలల పని. మొదట ఏడాదికి 5,000 మంది అనుకున్న కోటా ఇప్పుడు 20 వేలు దాటింది. ఆస్ట్రేలియాకు ఇలాంటిదే పామ్ పథకం. పంపిన డబ్బుతో ఇళ్లు లేస్తున్నాయి, ఫీజులు కట్టుకుంటున్నారు. ఊళ్లో మాత్రం తోట చూసేవాళ్లు, హోటళ్లలో పనిచేసేవాళ్లు, చివరికి ఫుట్‌బాల్ టీములో ఆడేవాళ్లు కూడా దొరకడం లేదు. సమోవా ప్రభుత్వం కొంతకాలం పంపడం ఆపి ఈ సంగతి సమీక్షించుకుంది కూడా. మన గల్ఫ్ వలస చూసినవాళ్లకు ఈ కథలో కొత్తేమీ ఉండదు. తేడా అల్లా అక్కడ ప్రభుత్వాల మధ్య ఒప్పందం ఉంది, మధ్యలో బ్రోకర్ల పాత్ర తక్కువ.

ఒక దీవి కుర్రాడు పక్క దీవికి వెళ్లి ఉద్యోగం చేసుకోవచ్చా?

ఇక్కడే సహకారం బలహీనంగా ఉంది. ఫిజీ, పాపువా న్యూగినీ, సాలమన్ దీవులు, వనువాటు సభ్యులుగా ఉన్న మెలనేసియన్ స్పియర్‌హెడ్ గ్రూప్ 2012లో ఒక ఏర్పాటు చేసుకుంది. నైపుణ్యం ఉన్నవాళ్లు ఒక్కో దేశం నుంచి 400 మంది దాకా మిగతా దేశాల్లో పనిచేయవచ్చు. ఫిజీ తన రిటైరైన టీచర్లను వాలంటీర్లుగా నౌరు, మార్షల్ దీవుల లాంటి చోట్లకు పంపుతుంది. మంచివే, కానీ చిన్నవి. సువాలో బీకాం చదివిన సాలమన్ దీవుల అమ్మాయికి సువాలోనే ఉద్యోగం చేయడం కంటే ఆక్లండ్ దగ్గర తోటలో పళ్లు కోయడానికి వెళ్లడం సులువు. ప్రయాణం కూడా అంతే. పక్క దేశానికి వెళ్లాలంటే ఫిజీలోని నాందీకో, బ్రిస్బేన్‌కో, ఆక్లండ్‌కో వెళ్లి తిరిగి రావాల్సిన దీవులు ఎన్నో.

తువాలు వాళ్లకు ఆస్ట్రేలియా వీసా ఇస్తున్నారట, దేశం ఖాళీ అవుతుందా?

2023 నవంబరులో రెండు దేశాలూ ఫలేపిలి యూనియన్ ఒప్పందం మీద సంతకం చేశాయి. 2024 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. ఏడాదికి 280 మంది తువాలు పౌరులు ఆస్ట్రేలియాలో శాశ్వతంగా ఉండొచ్చు, చదువుకోవచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు, ఇష్టమైనప్పుడు వెనక్కి రావచ్చు. 25 ఆస్ట్రేలియా డాలర్ల ఫీజు, ఎంపిక లాటరీ పద్ధతిలో. 2025లో మొదటి విడతకు కుటుంబ సభ్యులతో కలిపి 8,750 మంది పేర్లు ఇచ్చారు. జనాభాలో నాలుగింట మూడొంతులకు పైనే.

అందరూ వెళ్లిపోతారని దీనర్థం కాదు. చీటీ వేసి ఉంచుకుందాం అనుకునేవాళ్లే చాలామంది. నియుయేను చూస్తే మాత్రం భయం వేయడం సహజం. వాళ్లకు పుట్టుకతోనే న్యూజిలాండ్ పౌరసత్వం ఉంటుంది. ఇవాళ న్యూజిలాండ్‌లో 30 వేల మందికి పైగా తాము నియుయే వాళ్లమని చెప్పుకుంటున్నారు, దీవిలో మిగిలింది 1,700 మంది.

ఆటల సంగతేమిటి?

పసిఫిక్ క్రీడలు 1963లో సువాలో మొదలయ్యాయి, నాలుగేళ్లకోసారి జరుగుతాయి. 2023లో హోనియారాలో జరిగాయి. స్టేడియం చైనా డబ్బుతో లేచింది. పెద్ద క్రీడలు నిర్వహించలేని చిన్న దేశాల కోసం 1981 నుంచి మినీ గేమ్స్ కూడా పెట్టారు. విమానాశ్రయమే లేని టోకెలావ్ నుంచి ఆటగాళ్లు ముందు పడవలో సమోవా చేరాలి. ఆ టోకెలావే 2007లో ఆపియాలో జరిగిన క్రీడల్లో లాన్ బౌల్స్‌లో బంగారు పతకాలు కొట్టింది. ఒలింపిక్స్‌లో వీళ్లలో ఎక్కువమందికి మొదటి రౌండే ఆఖరి రౌండు. గెలుపంటే ఏమిటో తెలిసేది ఇక్కడే.

తెలుగువాళ్లకు ఈ దీవులతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. 1879 నుంచి 1916 దాకా ఫిజీ చెరకు తోటలకు గిర్మిట్ కింద, అంటే ఒప్పంద కూలీలుగా, 60 వేల మందికి పైగా భారతీయుల్ని తీసుకెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు వెళ్లాయి. వాటిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. 1926లో నాందీలో దక్షిణాది వాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘం తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం. తర్వాత 1941లో తెలుగువాళ్లు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం విడిగా పెట్టుకున్నారు. ఈ సంఘాల బడుల్లో ఇప్పుడు అన్ని జాతుల పిల్లలూ చదువుతున్నారు. సంగం ఏటా ఈస్టర్ సెలవుల్లో జరిపే మహాసభల్లో ఫుట్‌బాల్ టోర్నమెంటుదే హడావుడి. ఇళ్లలో తెలుగు చాలావరకు పోయింది, మాట్లాడేది ఫిజీ హిందీ. 1987 సైనిక తిరుగుబాట్ల తర్వాత చాలా కుటుంబాలు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లిపోయాయి.

భారతదేశం ఏమైనా చేస్తోందా?

2014లో సువాలో భారత, పసిఫిక్ దీవుల సహకార వేదిక మొదలైంది. తర్వాతి సమావేశాలు 2015లో జైపూర్‌లో, 2023లో పాపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో జరిగాయి. ఆచరణలో యువ ఉద్యోగులకు ఎక్కువగా అందేది ఐటెక్ శిక్షణ, అంటే విదేశీ ఉద్యోగులకు భారత్ ఇచ్చే సాంకేతిక శిక్షణ. విమాన టికెట్టు, బస, భోజనం, ఫీజు అన్నీ భారత ప్రభుత్వమే భరిస్తుంది. ఇలాంటి కోర్సులు నడిపే సంస్థల్లో హైదరాబాద్‌వి కూడా ఉన్నాయి: రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ. కోర్సులు కొద్ది వారాలవే. దరఖాస్తు మాత్రం వాళ్ల ప్రభుత్వం ద్వారానే రావాలి కాబట్టి, ఊళ్లో నిరుద్యోగిగా ఉన్న కుర్రాడికి ఈ దారి తెరిచి లేదు.